వీడియోలో ఆమె చేతులు

మేస్త్రీకి చివరిసారి ఫిట్స్ వచ్చి ఆరేళ్ళ రెండు నెలలు. పుట్టినతేదీ అడిగితే కాస్త ఆలోచించేవాడేమో గానీ, ఈ లెక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆసుపత్రిలో కొత్తగా మూర్ఛ బయటపడి బిక్కమొహం వేసుకుని కూర్చున్న వాళ్ళెవరైనా కనబడితే తనే వెళ్ళి పక్కన కూర్చునేవాడు. నన్ను చూడండి, మందు మానకుండా వేసుకున్నాను, ఆరేళ్ళ నుంచి ఒక్కటి లేదు, మళ్ళీ లిఫ్టుల మీద ఎక్కి పనిచేస్తున్నాను అని చెప్పేవాడు. పక్కన ఉన్న భార్య ఆ మాటలప్పుడు సంచీలో ఏదో వెతుక్కుంటూ ఉండేది. పొగడ్త ఎవరిదైనా ఆవిడకు మొహమాటమే అనుకునేవాడు.

లిఫ్టులు బాగుచెయ్యడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే. ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగమని ఎవరైనా అంటే, రోజుకు ఇరవైసార్లు పైకి వెళ్ళేది మేమేనయ్యా, మీరెవరైనా వెళ్ళారా అని నవ్వేసేవాడు. అతనికి జోడీగా పనిచేసేవాణ్ణి అందరూ పొడుగు అని పిలిచేవారు. పేరుకు తగ్గట్టే ఉంటాడు. లిఫ్టు గొయ్యిలోకి దిగితే నిచ్చెన అక్కర్లేదని అతని మీద ఒక జోకు. ఈ పని ఒక్కడు చేసేది కాదు. ఒకడు కింద గొయ్యిలోనో, లిఫ్టు పైకప్పు మీదో ఉంటే, రెండోవాడు పైన మోటారు గదిలో స్విచ్చు దగ్గర ఉంటాడు. కిందవాడి ప్రాణం పైవాడి చేతిలో ఉంటుంది. ఈ మాట వాళ్ళెప్పుడూ పైకి అనుకోలేదు. అనుకుంటే పని జరగదు.

ఆ సంవత్సరం కంపెనీకి ముప్ఫై నాలుగు అంతస్తుల భవనం ఒకటి వచ్చింది. అక్కడ పనిచెయ్యాలంటే పాత కాగితం చాలదని, ఆరోగ్యం బాగున్నట్టు కొత్తగా రాయించుకు రమ్మన్నారు. డాక్టరమ్మ అతన్ని ఆరేళ్ళుగా చూస్తున్న మనిషే. అంత ఎత్తు పనికి ఊరికే సంతకం పెట్టలేనని, నిద్రలో మెదడు ఎలా ఉందో ఒకసారి రికార్డు చేయించమంది. ముందురాత్రి కునుకు తియ్యకుండా ఉండి పొద్దున్నే వస్తే, ఆసుపత్రిలో పడుకోబెట్టి, తలకు తీగలు అంటించి, వీడియో కూడా తీస్తారట.

భార్యకు ఇది నచ్చలేదు. ఆ భవనం వద్దు, ఉన్న పనులు చాలు అంది. రెండురోజులు పోయాక, వెళ్ళే తీరిక ఎక్కడుంది, వచ్చే నెల చూద్దాం అంది. మేనమామ కూతురే కాబట్టి చిన్నప్పటి నుంచి ఆవిడ భయాలన్నీ అతనికి తెలుసు. ఎత్తు అంటే భయం, అంతే అనుకున్నాడు. నేనేమన్నా గోడ పట్టుకుని ఎక్కుతానా, లిఫ్టులోనే కదా వెళ్ళేది అని ఆటపట్టించాడు. ఆవిడ నవ్వలేదు.

రికార్డింగు గదికి కిటికీ లేదు. ఒక మంచం, గోడకు గడియారం, మూలన చిన్న కెమెరా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీ. రికార్డింగు తీసే అమ్మాయి అతని తలలో పాయలు తీసి, చల్లటి జిగురేదో రాసి ఇరవైకి పైగా తీగలు అంటించింది. మోటారు గదిలో నా తీగలు కూడా ఇంత శుభ్రంగా ఉండవమ్మా అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి, దీపం తగ్గించి, అద్దం అవతలి గదిలోకి వెళ్ళింది. భార్య కుర్చీలో కూర్చుంది. రాత్రంతా నిద్ర లేని కళ్ళేమో, తల ఆనించగానే అతనికి నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి దీపం పూర్తిగా వెలుగుతోంది. తల బరువుగా ఉంది. భుజాలు బస్తాలు మోసినట్టు నొప్పిగా ఉన్నాయి. నాలుక ఎడమ అంచు మండుతోంది. వీటిలో అతనికి వింతేమీ తోచలేదు. గాఢంగా పడుకున్నాననుకున్నాడు. అయిపోయిందా అని అడిగాడు.

అమ్మాయి తీగలు విప్పుతోంది. అతని మొహంలోకి చూడకుండా, "మీకు ఫిట్స్ వచ్చింది. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి. నిమిషం మీద పది సెకన్లు" అంది.

అతనికి నవ్వొచ్చింది. ఇంకొకరి రికార్డింగు చూశారేమో సరిగ్గా చూడమన్నాడు. అలాంటిది వస్తే మనిషికి తెలియకుండా ఉంటుందా అన్నాడు. "నాకేమీ కాలేదమ్మా. తల బరువు, ఒళ్ళునొప్పులు, ఇవి నాకు మామూలే. నెలకు ఒకటి రెండుసార్లు లేవగానే నాకు ఇలాగే..."

అక్కడ ఆగిపోయాడు.

తను అన్న మాట తన చెవుల్లోనే ఉండిపోయింది. నెలకు ఒకటి రెండుసార్లు. భుజాల నొప్పికి బరువైన పనిముట్లని అనుకునేవాడు. నాలుక కొరుక్కుంటే, నిద్రలో పళ్ళు కొరుకుతావు బావా అని భార్య చెప్పేది. దుప్పటి మారి ఉంటే నీళ్ళ చెంబు ఒలికిందనేది. మూలకు తిరిగి చూశాడు. ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ బయట వరండాలో నిలబడి ఉందట.

డాక్టరమ్మ గదిలో ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టింది. మీరు చూడటం మంచిదనుకుంటే చూపిస్తాను, వద్దంటే లేదు అంది. చూస్తానన్నాడు. ఇరవై ఏళ్ళుగా తనకున్న జబ్బును అతను ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. పడటం, లేవటం, చుట్టూ జనం మొహాలు, అంతవరకే తెలుసు.

డాక్టరమ్మ తెరను వాళ్ళవైపు తిప్పింది. బొమ్మ బూడిదరంగులో ఉంది, మాట వినబడదు. మంచం మీద నిద్రపోతున్న మనిషి తనే. కుర్చీలో తల వాల్చి కళ్ళు మూసుకున్నది భార్య. అంతా కదలకుండా ఉంది. ముందుగా కదిలింది అతను కాదు, ఆమె. మంచం మీద మనిషికి ఇంకా ఏమీ కాకముందే ఆమె కళ్ళు తెరిచి తల ఎత్తింది. రెండు సెకన్ల తర్వాత అతని మెడ ఒక పక్కకు లాగుకుంది, చేతులు కొయ్యబారాయి, ఒళ్ళంతా అదరడం మొదలైంది.

ఆమె పరిగెత్తలేదు. అరవలేదు. ఒడిలో సంచీని కుర్చీ మీద పెట్టి లేచింది. మంచం పక్క బల్ల మీదున్న నీళ్ళ గ్లాసును చెయ్యి తగలనంత దూరం జరిపింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం వెనక వేసి, ఒక్క ఊపులో అతన్ని పక్కకు తిప్పింది. ఒంటి మీది స్వెటర్ విప్పి మడతపెట్టి తల కింద పెట్టింది. తీగలు చిక్కుపడకుండా వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. తల తిప్పి గడియారం చూసింది. రుమాలు తీసి మూతి తుడిచింది. అద్దం గదిలోంచి అమ్మాయి పరుగున వచ్చేసరికి చెయ్యడానికి ఇక ఏమీ మిగల్లేదు. కంగారుపడొద్దన్నట్టు భార్య ఆ అమ్మాయికి అరచెయ్యి చూపించింది. తర్వాత వంగి అతని చెవిలో ఏదో చెబుతూ, మళ్ళీ ఒకసారి గడియారం వైపు చూసింది.

మేస్త్రీ ఇంకోసారి వెయ్యమన్నాడు. డాక్టరమ్మ వేసింది. మూడోసారి కూడా వెయ్యమన్నాడు. మూడోసారి మంచం మీదున్న మనిషిని అతను చూడనే లేదు. ఆ చేతుల్నే చూశాడు. కొత్తవాడి చెయ్యి పనిముట్టు మీద ఎలా తడబడుతుందో, పాతవాడి చెయ్యి చూడకుండానే ఎలా వెళ్ళి పట్టుకుంటుందో అతనికి తెలుసు. కుర్రవాళ్ళకు పని నేర్పే మేస్త్రీ అతను. ఇవి పదిసార్లు చేసిన చేతులు కావు. వందసార్లు చేసినవి.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" డాక్టరమ్మ ఆమెను అడిగింది.

ఆమె సంచీ జిప్పు వైపు చూస్తూ, "ఆగలేదండీ. పగలు వచ్చేవి ఆగిపోయాయి. నిద్రలో వచ్చేవి ఎప్పుడూ ఆగలేదు" అంది.

డాక్టరమ్మ ఫైలు తెరిచి వెనక్కి తిప్పుతూ పోయింది. ప్రతి పేజీలోనూ తన దస్తూరితో, ఒక్కటీ రాలేదని భార్య చెప్పింది అని రాసుంది. "నేను అడిగినప్పుడల్లా లేవన్నారు. లేవన్నారు కాబట్టే మందు మార్చలేదు. మార్చడానికి మందులున్నాయమ్మా. ఈ ఆరేళ్ళూ ఉన్నాయి" అంది. తర్వాత, గొంతు పెంచకుండానే, నిద్రలో వచ్చేవి తేలికైనవని చాలామంది అనుకుంటారని, అవి తేలికవి కావని, కొందరు ఆ నిద్రలోంచి లేవరని చెప్పింది.

అంతవరకూ జిప్పు వైపు చూస్తున్న ఆమె అప్పుడు తలెత్తింది. ఇన్నాళ్ళూ ఈ అబద్ధానికి తన నిద్ర ఒక్కటే ఖర్చని ఆమె అనుకుంది. మందు ఉందని, మనిషే దక్కకపోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడిగితే కదా చెప్పేది. అడగాలంటే ముందు నిజం చెప్పాలి.

బయట వరండాలో గోడవారగా బెంచీ ఉంది. ఇద్దరూ ఆ బెంచీకి రెండు చివర్ల కూర్చున్నారు. మందుల చీటీ అతని చేతిలో ఉంది. దాన్ని మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. కోపం రావాలి, రావడం లేదు. బుర్ర ఒకచోట నిలబడిపోయింది. నన్ను లిఫ్టు పైకప్పు మీదికి ఎలా పంపగలిగావని అడిగాడు.

ఆమె మొదటినుంచీ చెప్పింది. పనిలో ఉండగా మోటారు గదిలో పడిపోయాక కంపెనీ అతన్ని పదకొండు నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ పదకొండు నెలలు అతను మనిషిలా లేడు. గడ్డం గీసుకునేవాడు కాదు. పక్కింటివాళ్ళు పలకరిస్తారని చెత్తబుట్ట బయటపెట్టడానికి కూడా వెళ్ళేవాడు కాదు. స్నానానికి వెళ్ళినా తలుపు గడియ వెయ్యనిచ్చేవాళ్ళు కాదు, ఆ అవమానానికి స్నానమే మానేశాడు. ఇదంతా అతనికి తెలిసిన కథే. తెలియనిది తర్వాత వచ్చింది.

"ఒకరోజు మధ్యాహ్నం మాత్రల డబ్బా మొత్తం అరచేతిలో పోసుకుని మంచం మీద కూర్చున్నావు. నేను తలుపు దగ్గర ఉన్నాను. నువ్వు చూడలేదు. గంట సేపు అలాగే కూర్చుని మళ్ళీ డబ్బాలో పోసేశావు."

అతని చేతిలో చీటీ ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం సంగతి ఈ లోకంలో తనకొక్కడికే తెలుసుననుకున్నాడు.

తర్వాత కొత్త మందు పడిందని, పగటివి ఆగాయని ఆమె చెప్పుకుపోయింది. ఆర్నెల్లు రాకుండా ఉంటే పనిలోకి తీసుకుంటామని కంపెనీ అంది. అతను నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నాలుగో నెల చివర, తెల్లవారుజామున నిద్రలో వచ్చింది. పొద్దున లేచి, గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచే ఆమెను చూసి, ఇవాళ్టికి నాలుగు నెలలు అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో నవ్వు చూసింది. రాత్రి సంగతి చెప్పలేకపోయింది. ఒకటే కదా, పోనీలే అనుకుంది. వచ్చే నెల ఇంకొకటి వచ్చింది. మొదటి అబద్ధం చెప్పడానికే బరువు, రెండో దానికి అంత ఉండదు. పగలు రావడం లేదు కాబట్టి పనికి పంపింది. అయినా నమ్మకం లేక రోజూ పదకొండుకి, మూడింటికి ఫోన్ చేసేది. పక్కన ఊపిరి మారితే మెలకువ వచ్చేటట్టు నిద్ర అలవాటు చేసుకుంది.

అప్పుడతనికి ఇంకొకటి తట్టింది. ఆమె అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కత్తిరింపు యంత్రం మీద తొమ్మిదేళ్ళు పనిచేసింది. కళ్ళు సరిగా కనబడటం లేదని మూడేళ్ళ కిందట మానేసింది. ఏ అద్దాలూ కొనుక్కోలేదు. కళ్ళకేమయిందని అడిగాడు.

"కళ్ళు బాగానే ఉన్నాయి. యంత్రం దగ్గర నిద్రొచ్చేది. ఒకరోజు పక్కామె చెయ్యి లాగకపోతే నాలుగు వేళ్ళు పోయేవి."

భార్యాభర్తలు ఒకరినొకరు కంటికి రెప్పలా చూసుకోవాలని వాళ్ళ పెళ్ళిలో పెద్దలంతా దీవించారు. ఆ దీవెన తన ఇంట్లో ఇలా ఫలించిందన్నమాట. ఆరేళ్ళుగా ఆ రెప్ప సరిగా వాలలేదు. తన మంచంలో, తన చెయ్యి తగిలేంత దూరంలో ఇంత జరుగుతుంటే, తను వరండాల్లో కూర్చుని పదిమందికి ధైర్యం చెప్పాడు. ఆ పదిమంది మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"అయితే ఆరేళ్ళూ అబద్ధమేనా?" అన్నాడు.

"ఫిట్స్ సంగతి అబద్ధం. మిగతాదంతా నిజమే కదా బావా. పనికెళ్ళావు, పిల్లను సైకిల్ నేర్చుకోమని వీధుల్లో పరిగెత్తించావు, అందర్నీ నవ్వించావు. అవి నేను కల్పించినవి కావు."

అతను లేచి, ఆమె కోసం ఆగకుండా బస్సు స్టాపు వైపు నడిచాడు. బస్సులో ఆమె ముందు వరుసలో, అతను వెనక వరుసలో కూర్చున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి పదిహేనేళ్ళ కూతురు ముందుగదిలో లెక్కలు చేసుకుంటోంది. తండ్రి తలలో ఆరిపోయిన జిగురు చూసి, నాన్నా తలకు స్నానం చెయ్యి, నీళ్ళు పెడతాను అంది. తర్వాత తల్లి మొహం చూసింది. పెన్ను కింద పెట్టేసి, చెప్పేశావా అని తల్లిని అడిగింది.

మేస్త్రీ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఒక కాలి చెప్పు విప్పాడు, రెండోది విప్పలేదు. నీకూ తెలుసా అన్నట్టు కూతురి వైపు చూశాడు. పిల్ల తనే చెప్పింది. పదకొండేళ్ళప్పుడు ఒకరాత్రి చప్పుడు విని వచ్చి చూసిందట. ఎవరితో అనకూడదని అమ్మ చెప్పింది. అప్పట్నుంచి, అమ్మకు ఒంట్లో బాగాలేని రోజుల్లో తను చెవి అటు పెట్టి పడుకుంటుందట. ఇంట్లో ముగ్గురు మనుషులు. ఇద్దరికి తెలుసు. తెలియనివాడు తనొక్కడే, అదీ తన ఒంటి సంగతి.

మర్నాడు పొద్దున్నే అతను పొడుగును వెతుక్కుంటూ వెళ్ళాడు. పన్నెండంతస్తుల పాత భవనంలో పని. పొడుగు మోటారు గదిలో నేల మీద కూర్చుని బ్రేకుకు నూనె అంటకుండా గుడ్డతో తుడుస్తున్నాడు. కాగితం వచ్చిందా అన్నా అని అడిగాడు. మేస్త్రీ నిలబడే మొత్తం చెప్పేశాడు. వీడియో సంగతి, నెలకు ఒకటి రెండు సంగతి, ఏదీ దాచలేదు. తనకు నిన్నటిదాకా తెలియదన్న మాట మాత్రం చివర్లో, నెమ్మదిగా చెప్పాడు. అది సాకులా వినబడుతుందని భయం.

పొడుగు గుడ్డను మడతపెట్టాడు. మళ్ళీ మడతపెట్టాడు.

"పోయిన గురువారం నేను గొయ్యిలో దిగి స్ప్రింగులు మార్చాను కదా. ముప్పావుగంట. పైన స్విచ్చు దగ్గర ఎవరన్నా?"

"నేనే."

"ఆ పొద్దున లేచినప్పుడు ఒళ్ళునొప్పులున్నాయా?"

మేస్త్రీ ఆలోచించాడు. గురువారం బస్సులో భుజం రుద్దుకుంటూ వచ్చాడు. ఉన్నాయన్నాడు.

పొడుగు లేచి, ద్వారబంధానికి తల తగలకుండా వంగి, మెట్ల మీదుగా కిందికి దిగి వెళ్ళిపోయాడు. లిఫ్టు ఎక్కలేదు. పన్నెండు అంతస్తులూ అతని అడుగుల చప్పుడు వినబడుతూనే ఉంది.

నాలుగురోజులు ఫోన్ లేదు. కంపెనీ సూపర్‌వైజరు మేస్త్రీని పని ఆపి ఇంట్లో ఉండమన్నాడు. ఆ నాలుగురోజులూ ఇంట్లో ఎవరూ ఎవరితో గట్టిగా మాట్లాడుకోలేదు. అతను కొత్త మాత్ర వేసుకున్నాడు. పాత మధ్యాహ్నాలు మళ్ళీ వస్తాయేమోనని ఎదురుచూశాడు. భార్య మాత్రల డబ్బా తీసి దాచలేదు, అతని మంచం పక్కనే ఉంచింది. అది గమనించాడు. గడ్డం మాత్రం రోజూ గీసుకున్నాడు.

అయిదోరోజు సాయంత్రం పొడుగు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అన్నతో మాట్లాడటానికి రాలేదని, వదినతో మాట్లాడాలని అన్నాడు. ఆమె వంటగదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"వదినా, పదేళ్ళుగా నీ చేతి భోజనం తింటున్నాను. ఒక్కమాట అడుగుతాను. ఈ ఆరేళ్ళలో నేనెప్పుడైనా గుర్తుకొచ్చానా?"

"రోజూ వచ్చేవాడివి. అందుకే పదకొండుకి, మూడింటికి ఫోన్ చేసేదాన్ని."

"పడే లిఫ్టును ఫోన్ ఆపుతుందా వదినా?"

ఆమె ఏడవలేదు. గోడ వెంబడి మెల్లగా జారి నేల మీద కూర్చుంది. కాళ్ళు ముందుకు చాపుకుని, తలను గోడకు ఆనించి, కళ్ళు మూసుకుంది. చూస్తుండగానే ఆమె మెడ పక్కకు వాలింది. మేస్త్రీ ఒక్క అంగలో వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ఆమె మొహం చేతుల్లోకి తీసుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియలేదు. పక్కకు తిప్పాలా, తల కింద ఏదైనా పెట్టాలా, తన చేతులకు ఏదీ రాదు. కూతురు వచ్చి తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"నిద్రపోయింది నాన్నా, అంతే" అంది.

పొడుగు, మేస్త్రీ ఇద్దరూ కలిసి ఆమెను ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆమె మేలుకోలేదు. ఆ సాయంత్రం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకుంది. పొడుగు ఆ రాత్రి వాళ్ళ ముందుగదిలోనే చాప మీద ఉండిపోయాడు. ఎవరూ ఉండమనలేదు. అలవాటైన చెవి ఇవాళ నిద్రపోతోంది, ఒకవేళ అన్నకు వస్తే ఎవరో ఒకరు ఉండాలి కదా అని కూతురితో అన్నాడట. పొద్దున వెళ్తూ మాత్రం, నీ మీద కోపం తగ్గలేదన్నా, వదిన మీద అసలు తగ్గలేదు, కొన్నాళ్ళు పడుతుంది అని చెప్పి వెళ్ళాడు.

తర్వాత సంగతులు ఒక్కొక్కటే తేలాయి. లిఫ్టు పైకప్పు మీదికి, గొయ్యిలోకి, స్విచ్చు దగ్గరికి వెళ్ళకూడదని డాక్టరమ్మ రాసిచ్చింది. సంవత్సరం నిజంగా ఒక్కటీ రాకుండా ఉంటే అప్పుడు మాట్లాడదామంది. కంపెనీ అతన్ని నేల మీది వర్క్‌షాపులో వేసింది. తలుపుల మోటార్లు, మీటల పలకలు, కాలిపోయిన బోర్డులు బల్ల మీదికి వస్తాయి, కూర్చుని బాగుచెయ్యాలి. మొదటివారం ఆ కుర్చీ అతనికి ముళ్ళ కుర్చీయే. రెండోవారం కొత్తగా చేరిన ముగ్గుర్ని నేర్చుకోమని అతని దగ్గరికి పంపారు. పనిలో ఎక్కడైనా ఆగిపోతే పొడుగు ఫోన్ చేసి అడుగుతున్నాడు. పని మాటలు తప్ప వేరే మాటలు ఇంకా లేవు. ఆసుపత్రివాళ్ళు పరుపు కింద పెట్టే చిన్న పరికరం ఇచ్చారు. మనిషి అదిరితే అది మోగుతుంది. దాన్ని నమ్మడం ఆమెకు చాలా కష్టమైంది. మోగుతుందో లేదోనని మొదటి రెండురాత్రులు దాన్ని చూస్తూ కూర్చుంది.

ఆమెను అతను ఒక్కటే అడిగాడు. క్షమించాను అనలేదు, ఆ మాట ఇంకా నోటికి రాలేదు. ఇకమీదట ఏది జరిగినా పొద్దున నాకు చెప్పాలి, నేను ఎంత సంతోషంగా లేచినా సరే చెప్పాలి అన్నాడు. ఆమె సరేనంది.

కొత్త మందు మొదలైన అయిదు వారాలకు, ఒక ఉదయం అతను లేచి మంచం మీద కూర్చునేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది. రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"రాత్రి వచ్చింది బావా" అంది.

ఇన్నేళ్ళ జబ్బులో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. అయిదు వారాలూ లోలోపల మళ్ళీ లెక్క మొదలుపెట్టానని అప్పుడతనికి తెలిసింది. ఎంతసేపు అని అడిగాడు. నలభై సెకన్లంది. ఇదివరకటి కన్నా తక్కువే. పరికరం మోగిందట, పిల్ల కూడా లేచిందట. ఇంకా ఏమైనా ఉందా, నాకు తెలియనిది ఏదీ ఉంచొద్దు అన్నాడు.

ఆమె కొంచెం తటపటాయించింది. "తెలివి వచ్చేముందు ఒకమాట అంటావు. ప్రతిసారీ అదే. లిఫ్టు ఏ అంతస్తులో ఉంది అని అడుగుతావు."

"నువ్వేమంటావు?"

"కిందే ఉంది, తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు అంటాను. అప్పుడు పడుకుంటావు."

ఆరేళ్ళుగా తను అడిగిన ప్రశ్న, ఆరేళ్ళుగా తనకు అందిన జవాబు. రెండూ అతను ఇప్పుడే వింటున్నాడు. తర్వాత, ఫిట్స్ వచ్చినప్పుడల్లా రాసుకోమని డాక్టరమ్మ ఇచ్చిన పుస్తకం అందుకుని, తేదీ, టైము, నలభై సెకన్లు అని తనే రాశాడు. నువ్వు వెళ్ళి కాసేపు పడుకో అని ఆమెకు చెప్పి, టవలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు. వర్క్‌షాపు బస్సుకు ఇంకా నలభై నిమిషాలే ఉంది.